మూడున్నరకి వెళ్ళిపోయే అత్తగారు

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇది చదువుతున్నావంటే నువ్వు దొంగవి. అడక్కుండా ఒకరి సొరుగు లాగావు, అడక్కుండా ఒకరి పుస్తకం విప్పావు. ఊరికే చూశానంతే అనకు. ఊరికే చూడటం అనేది లోకంలో లేదు. చూసినవాడు ఏదో ఒకటి పట్టుకుపోతాడు. మూసెయ్. మూయవు, నాకు తెలుసు.

పాతికేళ్ళుగా పత్రికలో కాలమ్ రాస్తున్నాను. ఆడవాళ్ళ గురించి ఎవడు నోరు పారేసుకున్నా వారం తిరక్కుండా వాడికి నా కాలమ్‌లో జవాబు ఉంటుంది. దాంతో ఇల్లు గడవదు కాబట్టి రెండేళ్ళుగా ఒక డైలీ సీరియల్‌కి కథ, డైలాగులు రాస్తున్నాను. నాతో ఉండే చెల్లికి ఇదో తమాషా. సోమవారం నువ్వు పుట్టించిన అత్తని శుక్రవారం నువ్వే ఉతికి ఆరేస్తావు, నీకు నువ్వే ప్రభుత్వం, నువ్వే ప్రతిపక్షం అంటుంది.

ఇవాళ కోపం సంపాదకుడి మీద. కాలమ్‌లో సగం కోసేశాడు. మేడమ్, పాఠకుడికి ఊపిరాడాలి కదా అన్నాడు. అందుకే ఈ నోట్‌బుక్. ఇక్కడ ఎవడికీ ఊపిరాడక్కర్లేదు.

మా సీరియల్‌కి ప్రాణం అత్తగారు. అంటే విలన్. ఆ వేషం కట్టే అమ్మాయికి ముప్పై నాలుగు. కోడలి వేషం వేసే ఆవిడకి ముప్పై ఆరు. జుట్టులో ఒక తెల్ల పాయ, కళ్ళ కింద నల్ల గీత పెడితే అత్తగారు అయిపోయింది. లైట్లు మోసేవాళ్ళ నుంచి డైరెక్టర్ దాకా అందరూ అత్తగారూ అనే పిలుస్తారు. ఆమె నన్ను అక్కా అంటుంది. అందరికీ అత్త, నాకు మాత్రం చెల్లి.

ఫిబ్రవరి 5, గురువారం

రేటింగ్ కాగితం వచ్చింది. కథలో అత్తగారు కోడలి చంకలోంచి బిడ్డని లాక్కుపోయి నాలుగు వారాలైంది. నంబర్లు ఎగిరి కూర్చున్నాయి. చానెల్ మేనేజర్‌కి ఒళ్ళు తెలియడం లేదు. జనం ఆవిణ్ణి ముక్కలు చేసేంత కసిగా ఉన్నారు మేడమ్, డోసు పెంచండి అన్నాడు. మందులషాపు మాటలు.

గ్రూప్‌లో చురుగ్గా ఉండమని కూడా గుర్తు చేశాడు. అరవై వేలమంది అభిమానుల గ్రూప్ అది. అందులో నా పేరు పక్కింటి పిన్ని. మా వృత్తిలో ఇది మామూలే. రచయితలు దొంగపేర్లతో కూర్చుంటారు, ఎవరికి ఏది నచ్చిందో చూస్తారు, రేపటి కథ చిటికెడు జల్లి వస్తారు. నాకెప్పుడూ తప్పనిపించలేదు. ప్రజల మాట వినడం అనుకున్నాను. ప్రేక్షకుడు మూర్ఖుడు కాడు అని ఒక కాలమ్ కూడా రాశాను.

అన్నాల వేళ అత్తగారు స్టూడియోకి వచ్చిన ఉత్తరాలు పైకి చదివి నవ్వించింది. మొన్న మందులషాపతను జ్వరం మాత్రలివ్వకుండా ముందు ఆ బిడ్డని తల్లికిచ్చేసి రా అన్నాడట. ఒక్క ఉత్తరం మాత్రం పైకి చదవలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది. ఏమిటే అంటే, ఏం లేదక్కా, చేతిరాత ముత్యాల్లా ఉంది, అంతే అంది.

నవ్వలేదు.

ఫిబ్రవరి 7, శనివారం

ఇవాళ గ్రూప్‌లో ఒకావిణ్ణి దుమ్ము దులిపాను. పేరు ఇంటిదీపం. నిన్నటి ఎపిసోడ్ చూసి రాసింది: పసిదాన్ని అలా ఏడిపించగలిగిన మనిషి కడుపున పిల్లలు పుట్టి ఉండరు, అది నటన కాదు, కళ్ళలోనే తెలుస్తుంది, అలాంటిదాని చేతికి పిల్లల్ని ఇవ్వకూడదు అని. కింద నాలుగు వందలమంది దండాలు, చప్పట్లు.

నాకు తల తిరిగిపోయింది. కనని ఆడది రాక్షసి అట! ఈ మాట మీద నేను ఎన్ని కాలమ్‌లు రాశాను? పక్కింటి పిన్ని నోరు మూసుకుని ఉండాలని నాకు తెలుసు. కానీ వాదనలో ఓడిపోయి లేచి రావడం నా వల్ల కాదు. ఎప్పుడూ కాలేదు.

కూర్చుని గుక్క తిప్పుకోకుండా రాశాను. అత్తగారి వేషం వేసే ఆవిడకి ఏడేళ్ళ కూతురుంది. ఇంట్లో తల్లీ కూతురూ తప్ప మూడో మనిషి లేరు. సీన్ సగంలో ఉన్నా సరే, మూడున్నర కాగానే మేకప్ తుడుచుకోకుండా బయల్దేరుతుంది. స్టూడియోకి ఐదు నిమిషాల నడక బడి. పసుపు సంచి తగిలించుకున్న పిల్లని చెయ్యి పట్టుకుని తెచ్చి మేకప్ గదిలో కూర్చోబెట్టి హోంవర్క్ చేయిస్తుంది. దీని కోసం కాంట్రాక్ట్‌లో మూడున్నర అని రాయించుకుని సంతకం పెట్టించుకున్న ఏకైక నటి ఆవిడ. మీలో ఎంతమంది చేశారు ఆ పని? మీలో ఎంతమంది ఒక్క రోజైనా యజమానికి ఎదురు నిలబడి నా బిడ్డ టైమైంది అన్నారు?

అచ్చంగా ఇలాగే రాశాను. ఇంటిదీపం నోరు మూతపడింది. కాసేపటికి ఒక్క మాట పెట్టింది: నాకు తెలియదు పిన్నీ, థాంక్స్.

చూశావా, ప్రేక్షకుడు మూర్ఖుడు కాడు. చెబితే వింటాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

పదకొండు వందల లైకులు. నా కాలమ్‌కి జన్మలో రాలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం, సాయంత్రం 5

మేకప్ గదిలో పాప జడకి కొత్త క్లిప్ ఉంది. ఎర్రది, సీతాకోకచిలుక ఆకారం. పాపని సెట్‌లో అందరం పిచ్చుక అంటాం, ఒకచోట కుదురుగా ఉండదు. ఇవాళ కుదురుగా కూర్చుని అద్దంలో క్లిప్ చూసుకుంటోంది.

అత్తగారు నన్నడిగింది, మీరు కొన్నారా అక్కా అని. లేదన్నాను. కాస్ట్యూమ్ వాళ్ళనడిగింది, వాళ్ళు కాదన్నారు. పిచ్చుకనడిగింది. గేటు దగ్గర ఆంటీ పెట్టింది అంది పిచ్చుక. బెల్లు కొట్టాక, అమ్మ రాకముందు. ఏ ఆంటీ అంటే, మంచి ఆంటీ అంది. జడ ఊడిపోయిందని విప్పి మళ్ళీ అల్లిందట. దువ్వెన కూడా తెచ్చుకుందట.

అత్తగారు క్లిప్ తీసి బల్ల మీద పెట్టింది. పిచ్చుక ఏడ్చింది. ఎవరో క్లాసు పిల్ల తల్లి అయ్యుంటుందిలే అన్నాను.

అన్నది నేనే. నా గొంతు నాకే వినపడింది.

పేరు రాయలేదు. అడ్రస్ రాయలేదు. ఐదు నిమిషాల నడక అని మాత్రం రాశాను. ఆ చుట్టుపక్కల బడి ఒక్కటే ఉందని రాసేటప్పుడు తట్టలేదు. వాదన గెలవాలని మాత్రమే తట్టింది.

ఫిబ్రవరి 12, గురువారం

పొద్దున్నే పోస్ట్ తీసేశాను. ఏం లాభం? అప్పటికే పదిమంది ఫొటో తీసి పంచుకున్నారు. తొమ్మిదింటికి ఇంటిదీపం నుంచి విడిగా మెసేజ్ వచ్చింది.

పిన్నీ, మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు అని మొదలు. పాపని చూశానంది. బంగారంలా ఉందట. జడ సరిగ్గా వెయ్యలేదట. చెప్పుల పట్టీ తెగి ఉందట. ఆ మనిషి పెంపకం అలాగే ఉంటుంది, నా మనసు ఆగడం లేదు పిన్నీ అంది.

అది నాటకం, ఆవిడ వట్టి నటి అని రాశాను. నాకు తెలియదా పిన్నీ, నేనేమన్నా పిచ్చిదాన్నా అని జవాబు. కథ వేరు, మనుషులు వేరు, నాకు తెలుసు. కానీ రోజుకి పన్నెండు గంటలు ఆ మాటలు నోట్లో నానితే లోపలికి దిగవా? అలాంటి ఇంట్లో పిల్ల ఏమైపోతుంది? మొన్నటి ఎపిసోడ్‌లో పనావిడ ఏమంది, చూస్తూ నిలబడినవాళ్ళు కూడా లాక్కున్నవాళ్ళే అని కదా? నేను చూస్తూ నిలబడలేను.

ఆ వాక్యం నాది. రాసిన రోజు సెట్ నుంచి ఇంట్లో ఉన్న చెల్లికి ఫోన్ చేసి మరీ వినిపించాను.

పాప జోలికి వెళ్ళకండి అని రాశాను. చూసింది. మధ్యాహ్నానికి నన్ను బ్లాక్ చేసింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఇవాళ చెప్పేయాలనుకున్నాను. చెప్పలేదు.

రెండుసార్లు మేకప్ గది తలుపు దాకా వెళ్ళాను. రెండోసారి ఆమె అద్దంలోంచి నన్ను చూసి, ఏంటక్కా, అప్పు కావాల్సినవాడిలా తచ్చాడుతున్నారు అని నవ్వింది. డైలాగ్ మార్చాలి అని చెప్పి వచ్చేశాను.

బడికి ఫోన్ చేశాను. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి, తెలియనివాళ్ళు తిరుగుతున్నారు అన్నాను. ఎవరండీ మాట్లాడేది అంది టీచర్. పెట్టేశాను. యాభై ఏళ్ళదాన్ని, మంత్రుల పేర్లు పెట్టి తిట్టినదాన్ని, బడిపంతులమ్మకి నా పేరు చెప్పలేకపోయాను.

ఒక దారి దొరికింది. అత్తగార్ని మార్చేస్తాను. ఏడుస్తుంది, బిడ్డని తిరిగి ఇచ్చేస్తుంది, కోడలి కాళ్ళ మీద పడుతుంది. జనం కరుగుతారు. ఇంటిదీపం కూడా కరుగుతుంది. ఈ రెండు రోజులూ కూర్చుని రాస్తాను.

ఫిబ్రవరి 16, సోమవారం, సాయంత్రం 6

వరుసగా రాయాలి. రాయకపోతే నేనే రేపటికి మార్చేసుకుంటాను.

నేను రాసిన పశ్చాత్తాపం సీన్ నాలుగు పేజీలు. డైరెక్టర్ మురిసిపోయాడు. ఒకే షాట్‌లో తీద్దామన్నాడు. రెండింటికి మొదలుపెట్టారు. నాలుగు పేజీలు ఒకే గుక్కలో ఎవరికి వస్తుంది? మూడో పేజీలో తప్పు, మళ్ళీ మొదటి నుంచి. మూడున్నరకి ఆమె గడియారం వైపు చూసింది. ఒక్కటి, చివరిది అత్తగారూ, కన్నీళ్ళు బాగా వస్తున్నాయి అన్నాడు. పంపించండి అని అరిచాను. మీరే కదా మేడమ్ నాలుగు పేజీలు రాసింది, ఇప్పుడు నన్నంటారేంటి అన్నాడు.

మూడూ నలభైకి నేను పరిగెత్తాను.

గేటు దగ్గర పిచ్చుక లేదు. టీచర్ని అడిగితే, స్టూడియో నుంచి ఒకావిడ వచ్చి తీసుకెళ్ళిందిగా అంది. ఎలా పంపారు అని గొంతు చించుకున్నాను. ఆవిడకి అన్నీ తెలుసండీ అంది టీచర్, ఏడుపు మొహంతో. మూడున్నర సంగతి, కాంట్రాక్ట్ సంగతి, మేకప్ గదిలో హోంవర్క్ చేయిస్తారన్న సంగతి. ఇవాళ సీన్ లేటయింది, అందుకే నన్ను పంపారు అందట. పాప కూడా క్లిప్ ఆంటీ అని చెయ్యి పట్టుకుందట.

నేను రాసిందే. పదం పొల్లుపోకుండా.

టీచర్ చూపించిన వైపు, రెండు వీధుల అవతల బస్‌స్టాప్. బెంచీ మీద ఇద్దరూ. ఆవిడకి నలభై ఉంటాయేమో. ఇస్త్రీ బట్టలు, ఒడిలో చేతిసంచి, కాళ్ళకి శుభ్రమైన చెప్పులు. అలాంటి మనిషి పక్కన నేను వెయ్యిసార్లు బస్సులో కూర్చుని ఉంటాను. పిచ్చుకకి కొత్త చెప్పులు తొడుగుతోంది. పాతవి కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. బస్సు వీధి మొదట్లో ఉంది.

పాపని ఇవ్వండి అన్నాను. మీరెవరు అంది. అప్పుడు కూడా నేనే పక్కింటి పిన్నినని చెప్పలేదు.

వెనక నుంచి అత్తగారు పరిగెత్తుకుంటూ వచ్చింది. తెల్ల పాయ, నల్ల గీత, కన్నీళ్ళకి కారిన రంగు, విలన్ బట్టలు. సీన్‌లో ఎలా ఉందో రోడ్డు మీదా అలాగే ఉంది. ఇంటిదీపం పిల్లని ఒళ్ళోకి లాక్కుని, వచ్చేసింది, పిల్లని లాక్కుపోవడానికి వచ్చేసింది, ఎవరైనా ఆపండి అని కేక పెట్టింది.

ఆపారు.

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, పక్క కొట్లోవాళ్ళు, పదిహేనుమంది ఉంటారు. అమ్మో, అత్తగారు అన్నారెవరో. తల్లీబిడ్డల్ని విడదీసే బుద్ధి బయట కూడానా అంది ఒక పెద్దావిడ, అత్తగారి మోచెయ్యి పట్టుకుని. ఇద్దరు మగాళ్ళు అడ్డం నిలబడ్డారు. నలుగురు ఫోన్లు పైకెత్తారు. పిచ్చుక అమ్మా అమ్మా అని గింజుకుంటోంది. చూడండి, తల్లిని వదలనంటోంది బిడ్డ అన్నారు వాళ్ళు. నా కూతురండీ, నా కూతురు అని ఆమె అరిస్తే, డైలాగులు చూశారా అన్నాడొకడు.

ఒక్కరు కూడా చూస్తూ నిలబడలేదు. నేను కోరుకున్న సమాజం, ఒకటికి పదిహేనుమంది, కదిలి వచ్చింది.

నేను అడ్డుపడి చెప్పాను. ఆవిడే తల్లి, ఇది నాటకం కాదు, మీ బుర్రలేమయ్యాయి అని పాతికేళ్ళ కాలమ్ గొంతుతో అరిచాను. ఎవరూ నా వైపు తల కూడా తిప్పలేదు. బస్సు వచ్చి ఆగింది. ఇంటిదీపం పిల్లని ఎత్తుకుని లేచింది.

అప్పుడు అత్తగారు ఏడుపు ఆపేసింది. భుజాలు వెనక్కి లాగింది. కళ్ళలోకి ఆ చూపు వచ్చింది, కెమెరా కోసం వచ్చేది. అడుగున ఎక్కడి నుంచో, అత్తగారి గొంతుతో, మెల్లగా, తప్పుకోండి అంది.

తప్పుకున్నారు. పెద్దావిడ చెయ్యి వదిలేసింది. మగాళ్ళు పక్కకి జరిగారు. ఇంటిదీపం కాళ్ళు మెట్టు మీదే ఆగిపోయాయి. ఆమె నడుచుకుంటూ వెళ్ళి పిల్లని చేతుల్లోంచి తీసుకుంది. వెనక ఎవడో చప్పట్లు కొట్టాడు.

ఒక్క సంగతి మిగిలింది. అదీ రాస్తాను. కూతురికి ఆమె సీరియల్ ఎప్పుడూ చూపించలేదు. ఆ గొంతు పిచ్చుక ఎన్నడూ వినలేదు. తల్లి చంకన ఉండి, తల్లి మొహం చూసి, బిర్రబిగిసిపోయి, కిందకి దిగుతానని ఏడ్చింది. స్టూడియో దాకా నా చెయ్యి పట్టుకుని నడిచింది. నా చెయ్యి!

ఫిబ్రవరి 17, మంగళవారం

పోలీస్ స్టేషన్. ఇంటిదీపం బల్లకి అవతల బుద్ధిగా కూర్చుంది. ఎత్తుకుపోలేదండీ, చెప్పులు కొనిచ్చి మా ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టి, సాయంత్రం పెద్దవాళ్ళతో మాట్లాడదామనుకున్నాను అంది. నమ్మి చెబుతోంది. అదే నన్ను భయపెట్టింది. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట తొట్రుపడేది.

ఆఫీసర్ మర్యాదస్తుడే. ఏమీ కాలేదుగా అమ్మా అని రెండుసార్లు అన్నాడు. ఆ బిడ్డ చివరికి కోడలికి చేరుతుందా, మా ఆవిడ అడగమంది అని కూడా అన్నాడు.

బడి సంగతి ఎలా తెలిసింది అంటే ఇంటిదీపం ఫోన్ తీసి ఇచ్చింది. పక్కింటి పిన్ని అనే ఆవిడ పెట్టారండీ, చాలా మంచావిడ అంది. ఆఫీసర్ పైకి చదివాడు. మీలో ఎంతమంది చేశారు ఆ పని? మీలో ఎంతమంది ఒక్క రోజైనా?

అత్తగారు తల తిప్పి నన్ను చూసింది. రెండేళ్ళుగా నా వాక్యాలు ఆమె నోట్లో ఉన్నాయి. ఎక్కడ ఊపిరి తీసుకుంటానో, ఎక్కడ రెండోసారి అడుగుతానో నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఎవరీ పిన్ని అని ఆఫీసర్ అడుగుతున్నాడు. ఆమె నేను చెబుతానేమోనని చూస్తోంది.

గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 18, బుధవారం

బస్‌స్టాప్ వీడియో ఊరంతా తిరుగుతోంది. సంపాదకుడు ఫోన్ చేశాడు. ఈసారి ఒక్క అక్షరం కొయ్యను మేడమ్, రాసి పడెయ్యండి అన్నాడు. రెండు గంటల్లో రాశాను. చానెల్ ఆశ, మందబుద్ధి జనం, చప్పట్లు కొట్టినవాడు, భద్రత లేని బడి. కాలమ్ నిప్పులు కక్కింది.

చెల్లి నిలబడే చదివింది. బావుందక్కా, అందరూ ఉన్నారు అంది. ఇందులో నువ్వెక్కడ?

నేను రచయితని, నేను ఉండక్కర్లేదు అన్నాను. అరిచాను. చెల్లి కాగితాలు బల్ల మీద పెట్టి, ఆ పిల్ల ఇంకా వాళ్ళమ్మ దగ్గర పడుకోవడం లేదట, నీకు తెలుసా అంది. సెట్‌లో ఎవరో చెప్పారట.

గ్రూప్‌లో పక్కింటి పిన్ని ఎక్కడ, ఎందుకు మాట్లాడటం లేదు అని ముప్పై మంది అడుగుతున్నారు. బెంగపడుతున్నారు. ఒకావిడ, పిన్ని ఉండేది ఎక్కడో ఎవరికైనా తెలుసా, వెళ్ళి చూసొద్దాం అంది.

కిటికీ రెక్కలు వేసేశాను. పట్టపగలు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పొద్దున ఎనిమిదింటికి ఆమె ఫోన్ చేసింది. అక్కా అనలేదు, మేడమ్ అంది. పెన్ను తీసుకోండి, రాసుకోండి అంది. ఆమె చెప్పిన వరుసలోనే రాసుకున్నాను. వాదించలేదు.

1. ఇవాళే స్టేషన్‌కి వెళ్ళి ఆ పిన్ని మీరేనని రాసి సంతకం పెట్టండి.
2. గ్రూప్‌లో మీ సొంత పేరుతో అదే చెప్పండి. తర్వాత బయటికి రండి. ఇంకో పేరుతో మళ్ళీ వెళ్ళకండి.
3. దొంగపేర్లతో కూర్చోబెట్టే పని మానమని చానెల్‌కి కాగితం పెట్టండి. మొదటి సంతకం మీదే ఉండాలి.
4. ఆ నాలుగు పేజీలు చించెయ్యండి. అత్తగార్ని మంచిదాన్ని చెయ్యకండి. తిట్టేవాళ్ళు ఉత్తరం రాసి ఊరుకున్నారు. ఇంటి దాకా వచ్చేది ప్రేమ కలిగినవాళ్ళే.
5. మూడింటి తర్వాత నాకు సీన్ రాయకండి.
6. దీని మీద కాలమ్ రాయకండి. నా పక్షాన అసలే రాయకండి.
7. నా కూతురి గురించి ఎక్కడా, ఎవరితోనూ, మంచిగా కూడా మాట్లాడకండి.
8. క్షమించమని అడగకండి.
9. బడి మారుస్తున్నాను. ఎక్కడని అడగకండి.